ఊరి తారు రోడ్డు పెచ్చులు లేస్తోంది, పంచాయతీ మాది కాదంటోంది: అర్జీ ఎవరికి, ఎలా రాయాలి?

మీరు అడిగింది ఇదీ. సంతకవిటి మండలంలో మెయిన్ రోడ్డు నుంచి మీ ఊరికి సుమారు రెండు కిలోమీటర్ల తారు రోడ్డు ఉంది. రెండు వానాకాలాలుగా పెచ్చులు లేస్తోంది. ఈ ఏడు గుంతలు పెరిగి ఆటోవాళ్లు జంక్షన్‌లోనే దింపేస్తున్నారు. పంచాయతీలో అడిగితే ఆ రోడ్డు మాది కాదన్నారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే "నిధులు మంజూరైన వెంటనే చేపడతాం" అని జవాబిచ్చి అర్జీ మూసేశారు. ఇప్పుడేం చేయాలి?

నేను పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)గా చేరి డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు)గా రిటైరయ్యాను. ఉద్యోగమంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లె రోడ్ల మీదే గడిచింది. అందుకే అర్జీ అందుకునే ఇంజినీరు అందులో ఏం వెతుకుతాడో చెప్తాను. "మా రోడ్డు అధ్వానంగా ఉంది, వెంటనే బాగు చేయించగలరు" అని రాస్తే అతను చేయగలిగింది చాలా తక్కువ. ఎక్కడ, ఎంత పొడవు, ఎందువల్ల పాడైందో రాస్తే ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) వేయడానికి సగం పని మీరే చేసి ఇచ్చినట్టు. అలాంటి అర్జీని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే.

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. ఊరి లోపలి వీధులు, సీసీ రోడ్లు గ్రామ పంచాయతీవి. ఊరి నుంచి మెయిన్ రోడ్డుకు గానీ, ఊరి నుంచి పక్క ఊరికి గానీ వేసిన రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం చూస్తుంది. బస్సులు తిరిగే పెద్ద రోడ్లు ఎక్కువగా రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) చూస్తుంది. కాలువ గట్టు మీద వేసిన రోడ్డయితే జలవనరుల శాఖ మాట కూడా వస్తుంది. కిలోమీటరు రాయి మీద రంగు చూసినా కొంత తెలుస్తుంది. పైభాగం పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగు ఉంటే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డు. మీ వర్ణనను బట్టి మీది పంచాయతీరాజ్ రోడ్డే అయి ఉండాలి. గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను అడిగితే అదే రోజు ఖాయం చేసి చెప్తారు. రోడ్డు పేరు రికార్డులో ఎలా ఉందో కూడా ఆయన దగ్గరే రాసుకోండి. మీరు "మా ఊరి రోడ్డు" అంటారు, రిజిస్టర్‌లో అది ఫలానా ఆర్ అండ్ బీ రోడ్డు నుంచి ఫలానా గ్రామానికి అని ఉంటుంది. అర్జీలో ఆ పేరే ఉండాలి.

కాబట్టి పంచాయతీ వాళ్లు మాది కాదనడంలో అబద్ధం లేదు. కానీ అంతటితో వాళ్ల బాధ్యత తీరిపోదు. రెండు కిలోమీటర్ల తారు రోడ్డు వేసే డబ్బు చాలా పంచాయతీలకు ఉండదు. 2021-26 కాలానికి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లోనూ 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. మిగతా 40 శాతంలోనే వేరే అవసరాలన్నీ తీరాల్సి వచ్చేది. అయినా పంచాయతీ రెండు పనులు చేయగలదు. రోడ్డు బాగు చేయమని తీర్మానం చేసి ఎంపీడీఓ (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) ద్వారా పంచాయతీరాజ్ ఏఈకి పంపడం ఒకటి. ఊరి దగ్గర ఇళ్ల మురుగునీరు రోడ్డు మీదికి వస్తుంటే దానికి కాలువ కట్టించడం రెండోది. మురుగునీటి పని పారిశుద్ధ్యం కిందికే వస్తుంది కాబట్టి దానికి నిధుల అడ్డంకి తక్కువ. సర్పంచ్ లేని రోజుల్లో ప్రత్యేకాధికారి ఉంటారు, తీర్మానం ఆయన చేతుల మీదుగా వెళ్తుంది.

రోడ్డు మొదట్లో గ్రామ సడక్ యోజన బోర్డు ఉందేమో చూడండి. తుప్పు పట్టినా, పొదల్లో ఉన్నా వదలొద్దు, తుడిచి ఫొటో తీయండి. పని పూర్తయిన తేదీ, కాంట్రాక్టరు నిర్వహణ ఎప్పటివరకో దాని మీద రాసి ఉంటుంది. ఈ పథకం రోడ్లకు పని పూర్తయ్యాక ఐదేళ్లు నిర్వహణ కాంట్రాక్టరే చూడాలి, అది ఒప్పందంలోనే ఉంటుంది. ఆ గడువు లోపలైతే "నిధులు లేవు" అన్న మాటకే తావు లేదు. కొత్త మంజూరు అక్కర్లేదు, కాంట్రాక్టరుకు నోటీసు ఇచ్చి చేయించడమే. ఇలాంటి రోడ్ల కోసం మేరీ సడక్ అని ఒక యాప్ ఉంది, గుంత దగ్గర నిలబడి ఫొటో తీసి అందులో పెట్టొచ్చు. వేరే నిధులతో వేసిన రోడ్డయినా ఒప్పందంలో లోపాల బాధ్యతకు ఒక గడువు రాసి ఉంటుంది. అది ఎంతో అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన వైపు పల్లె రోడ్లు బండ్ల బరువుకు పాడవుతున్నాయని అందరూ అంటారు. గ్రానైటు, ఇసుక లారీలు తిరిగే చోట అది నిజమే. కానీ మీ ఊరి లాంటి రోడ్డుని తినేసేది నీరు. తారు పైన పొర మాత్రమే. దాని కింద మెటల్, అంటే కంకర పొరలు, వాటి కింద గ్రావెల్, ఆ కింద మట్టి ఉంటాయి. రోడ్డు మధ్యలో కొంచెం ఎత్తుగా, అంచులకు వాలుగా వేసేది నీరు పక్కకు జారిపోవడానికే. రోడ్డుకు పక్కనున్న మట్టి అంచులు, అంటే బెర్ములు, ఏళ్ల తరబడి మట్టి, గడ్డి పేరుకుని రోడ్డు కంటే ఎత్తయిపోతాయి. దాంతో జారాల్సిన నీరు అంచునే నిలిచిపోతుంది. అక్కడి నుంచి మెటల్‌లోకి దిగుతుంది, కింది మట్టి మెత్తబడుతుంది. అప్పుడు ఒక్క ధాన్యం ట్రాక్టరు వెళ్లినా చాలు, రోడ్డు కుంగిపోతుంది. దానికి తారు ప్యాచ్ వేయడం పుచ్చిన దూలానికి పైన రంగు వేయడమే.

అందుకని వాన వెలిసిన ఓ గంటకి ఇద్దరు ముగ్గురు కలిసి రోడ్డు పొడవునా నడవండి. జంక్షన్‌ను సున్నాగా పెట్టుకుని ఎక్కడెక్కడ పాడైందో మీటర్లలో రాసుకోండి. బండి రీడింగ్‌తో ఉజ్జాయింపుగా వస్తుంది, టేపు ఉంటే ఇంకా మంచిది. మేం దీన్ని 0/600, 1/250 అని రాస్తాం. ముందున్నది కిలోమీటరు, తర్వాతది మీటర్లు. ప్రతి చోటా గుంతనే కాదు, నీరు ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగిందో చూడండి. రోడ్డు కింద నీరు పోయే తూములు, మదుములు తెరిచి ఉన్నాయా, చెత్తతో మూసుకుపోయాయా చూడండి. పక్క పొలం గట్టు బెర్ము మీదికి జరిగిందేమో చూడండి. గెడ్డ (వాగు) దాటే చోట చప్టా అంచులు కోసుకుపోయాయేమో చూడండి.

గుంత దగ్గర కూర్చుని పరీక్షగా చూస్తే అది ఏ రకం దెబ్బో మీకే అర్థమవుతుంది. తారు పెచ్చు లేచి, కింద కంకర కదలకుండా గట్టిగా, ఒకదానికొకటి పట్టుకుని ఉంటే దెబ్బ పైపొరకే. సరిగ్గా ప్యాచ్ వేసి, పైన నీరు దిగకుండా సీల్ కోటు అనే పల్చటి తారు పూత వేస్తే నిలుస్తుంది. అలా కాకుండా కంకర చేతికి ఊడి వస్తూ, రాళ్ల మధ్య ఎర్రమట్టి బురద పైకి ఉబికి, చుట్టూ తారు మీద మొసలి చర్మంలా పగుళ్లు ఉంటే కింది పొర పోయింది. చక్రాల దారి వెంట గాడి పడినా అంతే. అక్కడ తవ్వి మెటల్ పొరలు మళ్లీ వేయాల్సిందే. ఈ రెండింటి మధ్య ఖర్చులో చాలా తేడా ఉంటుంది. అర్జీలో ఈ సంగతి లేకపోతే, తక్కువ ఖర్చులో పోయే ప్యాచ్ పని చూపించి "పరిష్కరించాం" అని రాసేస్తారు. మొదటి వానకే అది లేచిపోతుంది.

అర్జీలో అసలు భాగం ఇలా ఉంటే చాలు:

"ఈ రోడ్డులో 0/600 నుంచి 0/850 వరకు 250 మీటర్ల మేర రోడ్డు కుంగి, మెటల్ లేచి, మట్టి బయటపడింది. ఎడమ వైపు బెర్ము రోడ్డు కంటే సుమారు జానెడు ఎత్తు ఉన్నందున వాన పడిన మర్నాటి వరకు నీరు నిలుస్తోంది. 0/700 దగ్గర తూము పూర్తిగా పూడిపోయింది. 1/250 నుంచి 1/400 వరకు పైపొర మాత్రమే లేచింది. మొదటి చోట ప్యాచ్‌వర్క్ నిలవదు కనుక, తవ్వి మెటల్ పొరలు వేయడానికి, బెర్ములు సరిచేయడానికి, తూము బాగు చేయడానికి కలిపి ఎస్టిమేట్ తయారు చేసి పంపవలసిందిగా కోరుతున్నాం. ఈలోగా గర్భిణులు, బడి పిల్లలు, 108 వాహనం రాకపోకలకు వీలుగా తాత్కాలికంగా గుంతలు పూడ్పించగలరు."

దీనికి ఫొటోలు జత చేయండి. ఫొటోలో గుంత ఒక్కటే కనిపిస్తే అది ఏ ఊరి గుంతో తెలియదు. రాయో, గుడో, కరెంటు స్తంభమో కనబడేలా, పక్కన ఒక మనిషి నిలబడేలా తీయండి. బండి మీంచి పడిన సంఘటనలు ఉంటే తేదీలతో రాయండి. అతిశయోక్తి వద్దు. రోడ్డంతా పోయిందని రాసి, ఏఈ వచ్చి చూస్తే సగమే పాడై ఉంటే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. ఎవరినో తిట్టే వాక్యం ఒక్కటి ఉన్నా జవాబు దాని చుట్టూనే తిరుగుతుంది.

అర్జీ ముందుగా పంచాయతీరాజ్ ఏఈ పేరిట రాసి, ప్రతులు డీఈకి, ఎంపీడీఓకి ఇవ్వండి. ఇచ్చిన ప్రతి చోటా మీ కాపీ మీద సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. ఓ వారం పది రోజులు చూసి, ఆ ముద్ర వేసిన కాపీలతో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మళ్లీ ఇవ్వండి. నేరుగా కలెక్టరేట్‌కు వెళ్లినా ఆ అర్జీ తిరిగి ఇదే ఏఈ దగ్గరికి వస్తుంది, కొత్తగా ఆయనకు తెలిసేదేమీ ఉండదు. కింద ఇచ్చి స్పందన లేక వచ్చామని చూపిస్తే పైనున్న అధికారి అడిగే ప్రశ్న మారుతుంది. అర్జీ నంబరు జాగ్రత్తగా పెట్టుకోండి. 1100కు ఫోన్ చేసి గానీ, మీకోసం వెబ్‌సైట్‌లో గానీ అది ఎక్కడ ఉందో చూసుకోవచ్చు.

మీ అర్జీని మూసేసిన ఆ వాక్యం గురించి ఒక మాట. "నిధులు మంజూరైన వెంటనే చేపడతాం" అనేది పరిష్కారం కాదు. అది చదివి నిరాశ పడొద్దు, దాన్నే పట్టుకోండి. మంజూరు కావాలంటే ముందు ఎస్టిమేట్ ఉండాలి కదా. అది తయారైందా? ఎంత మొత్తానికి? ఏ తేదీన ఏ ఆఫీసుకి పంపారు? ఈ మూడు ప్రశ్నలతో అర్జీని మళ్లీ తెరిపించండి. నా అనుభవంలో ఎన్నో రోడ్లు నిధుల్లేక కాదు, ఎస్టిమేట్ అనేదే తయారు కాక ఏళ్ల తరబడి ఆగిపోయాయి. నిధులు వచ్చిన రోజున సిద్ధంగా ఉన్న కాగితాలే ముందు కదులుతాయి. మీ ఊరి కాగితం ఆ కట్టలో ఉండాలి.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు. "రోడ్డు ఎందుకు వేయలేదు" అని అడగొద్దు, దానికి కాగితం ఉండదు. రోడ్డు వేసిన పని ఎస్టిమేట్ నకలు, ఒప్పందంలో నిర్వహణ గడువు, కొలతల పుస్తకం అంటే ఎం-బుక్ పేజీల నకళ్లు, తర్వాత చేసిన మరమ్మతుల వివరాలు అడగండి. మీకు ప్రత్యేకంగా ఒక సంగతి. కొత్త జిల్లాలు ఏర్పడిన 2022 ఏప్రిల్ 4కి ముందు సంతకవిటి, రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి, ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉన్నాయి. మీ రోడ్డు అంతకు ముందు వేసిందైతే పాత ఫైలు ఎక్కడుందన్న ప్రశ్న వస్తుంది. మా దగ్గర లేదు అని ఒక్క ముక్కలో తిప్పి పంపడం కుదరదు. చట్టంలోని 6(3) సెక్షన్ ప్రకారం దరఖాస్తును ఐదు రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి వాళ్లే బదిలీ చేయాలి. ఆ సెక్షన్ నంబరు మీ దరఖాస్తు చివర్లో రాసేయండి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని వైపు వాళ్లకీ ఇదే వర్తిస్తుంది, వాళ్లిప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా.

సమయం కూడా చూసుకోవాలి. వానల్లో తారు పని చేయకూడదు, తడి మీద తారు పట్టదు. జులైలో తారు రోడ్డు వేయమని ధర్నా చేసినా వచ్చేది గ్రావెలో, కంకరో మాత్రమే. అప్పుడు తాత్కాలిక పూడికే గట్టిగా అడగండి. అసలు ఎస్టిమేట్ మాత్రం వానలు పూర్తిగా వెనక్కి తగ్గేలోపు పైకి వెళ్లిపోవాలి, అప్పుడే డిసెంబరు నుంచి మే వరకు ఉండే పని కాలంలో అవకాశం ఉంటుంది. ఏటా అక్టోబరు 2 నుంచి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కోసం గ్రామసభలు పెడతారు. ఆ సభకు వెళ్లి మీ రోడ్డు, కాలువ మాట ప్రణాళికలో రాయించండి. రాశారో లేదో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

ఇక తుపాన్లు. మన జిల్లాల వాళ్లం అక్టోబరు వస్తే టెన్షన్ పడతాం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. తుపాను పోయాక రోడ్ల నష్టంపై ప్రాథమిక అంచనాలు చాలా వేగంగా పైకి వెళ్తాయి. కరెంటు లేక, చెట్లు పడి అందరూ అవస్థలో ఉన్న ఆ రోజుల్లోనే ఏఈలు లిస్టులు పంపుతుంటారు. మారుమూల ఊళ్లు ఆ లిస్టులో జారిపోతాయి. గండి పడిన చోట, కోసుకుపోయిన చోట ఫొటోలు తీసి వెంటనే ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కు వాట్సాప్ చేయండి. వానకు ముందు తీసిన ఫొటోలు కూడా మీ దగ్గర ఉంటే నష్టం ఎంతో స్పష్టంగా తేలుతుంది.

ఊరివాళ్లం చేసుకోవాల్సిన పనులూ ఉన్నాయి, ఇది చెప్పకపోతే నా జవాబు అసంపూర్తి. గుంతల్లో ఇంటి పునాది మట్టి, పాత ఇటుక పెళ్లలు పోయొద్దు. మట్టి బురదయి నీటిని ఇంకా పట్టి ఉంచుతుంది. దానికి బదులు సచివాలయంలో చెప్పి, యువకులంతా ఒక పూట పలుగు, పార పట్టుకుని ఎత్తుగా ఉన్న బెర్ములకు అక్కడక్కడ నీరు పోయేలా గండ్లు కొట్టండి, తూముల్లో చెత్త లాగేయండి. నీరు పోయే దారి దొరికితే రోడ్డు పాడయ్యే వేగం ఆ రోజు నుంచే తగ్గుతుంది. ఉభాల (వరినాట్ల) రోజుల్లో దమ్ము చేసే ఇనుప చక్రాలతో ట్రాక్టర్లు తారు రోడ్డు ఎక్కుతాయి. ఆ ఇనుప పళ్లు తారుని చీల్చేస్తాయి, ఆ గాట్లలోంచే నీరు దిగుతుంది. ట్రాక్టర్ల వాళ్లు మన అన్నదమ్ములే, గొడవ పడకుండా గ్రామసభలో పెద్దల చేత చెప్పించండి. పొలం దగ్గరికి వెళ్లాకే చక్రాలు బిగించుకోమనండి. కుళాయి పైపుల కోసం రోడ్డు అడ్డంగా కోసి మట్టి కప్పి వదిలేసిన చోట్లు ఉంటే వాటిని వేరే అర్జీగా రాసి, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీర్లకు ఇవ్వండి. కోసిన రోడ్డుని తిరిగి బాగు చేయడం ఆ పనిలో భాగమే. దాన్ని ఈ రోడ్డు అర్జీతో కలిపేస్తే రెండు విభాగాలూ ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటాయి.

పని మంజూరైతే అక్కడితో వదిలేయకండి. ఏ మేరకు తవ్వాలో, ఎన్ని పొరల మెటల్ వేయాలో ఎస్టిమేట్ చూపించమని మర్యాదగా అడగండి, అడిగే హక్కు మీకుంది. గుంతని గుండ్రంగా అలాగే వదలకుండా అంచులు నిటారుగా, చతురస్రంగా కోయాలి. లోపల దుమ్ము లేకుండా ఊడ్చి, ఆరిన తర్వాతే తారు పూత పూసి మిశ్రమం నింపి రోలర్‌తో తొక్కించాలి. దుమ్ము మీదే పోసి పారతో చదును చేసి వెళ్లిపోతుంటే అప్పటికప్పుడే ఏఈకి ఫోన్ చేసి వీడియో పంపండి. బిల్లు రాసేలోపు చెప్పిన మాటకు విలువ ఎక్కువ. కొత్త తారు పడిన చోట బెర్ములు కూడా చెక్కి వాలు సరిచేశారో లేదో చూడకుండా మాత్రం రోలర్‌ను ఊరు దాటనివ్వకండి.